పిల్లగాడు కాలేజీల పడేదాంక

"తండ్రి పేరు?" హాస్టల్ గుమాస్తా తలెత్తకుండా అడిగాడు.

రాజం పక్కకు చూశాడు. పక్కనున్న పెద్దమనిషి గోడ మీది క్యాలెండర్‌లో మునిగిపోయాడు. సమ్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పేరు ఆమె నోట రాదు.

"ఆగయ్య," అన్నాడు చివరికి రాజమే.

"ఆయనకు నోరు లేదా?" గుమాస్తా నవ్వి రాసుకున్నాడు. "ఏం చేస్తడు?"

"బొగ్గుబాయిల పని."

గదిలో ఇనుప మంచం మీద సమ్మవ్వ దుప్పటి పరిచింది. మళ్ళీ తీసి దులిపి పరిచింది. మామిడికాయ తొక్కు డబ్బా ట్రంకుపెట్టెలో పెడుతూ, ఎలుకలున్నాయేమోనని మూలలన్నీ వెతికింది. ఒక్కగానొక్క కొడుకు. వాడు లేని ఇల్లు ఎలా ఉంటుందో తలుచుకోవడానికే ఆమెకు భయంగా ఉంది.

"నువ్వు ఫికర్ చెయ్యకే అవ్వా," అన్నాడు రాజం. "ఇంట్ల బాపు ఉన్నడు గద."

పెద్దవాళ్ళిద్దరూ తలలు దించుకున్నారు.

వరంగల్‌లో రైలెక్కారు. బండి జమ్మికుంట దాటింది. ఆ తర్వాత అతను కిటికీలోంచి చూస్తూనే అన్నాడు.

"పిల్లగాడు కాలేజీల పడేదాంక ఉంటనన్న. ఉన్న. ఇగ రేపు పొద్దుగాల పోత."

"మళ్ళ ఎప్పుడొస్తవ్?"

"రాను."

కొడుకును దించి వస్తున్న తల్లికి అది చెప్పడానికి అంతకంటే మంచి వేళ దొరకలేదు కాబోలు!

గోదావరిఖనికి వాళ్ళొచ్చి పదహారేళ్ళయింది. బొగ్గుబాయిలో పనికి రమ్మని ఆగయ్య పేరున కాగితం వచ్చిన వారానికే ఆ ఇంట్లో కలరా చొరబడింది. అన్నదమ్ముల్లో ఒక్కడే మిగిలాడు. రెండేళ్ళ రాజాన్ని చంకనేసుకుని వాళ్ళు ఊరు విడిచారు. పోయినవాడు తమ్ముడు లింగమూర్తి అని క్వార్టర్ల లైన్లో అందరూ చెప్పుకునేవారు. ఏటా పెద్దలకు పెట్టే పెత్రమాసకు మరిది పేరు చెప్పి బియ్యం ఇచ్చేటప్పుడు సమ్మవ్వ కుళ్ళికుళ్ళి ఏడ్చేది. మరిదికి ఇంత ఏడుపేమిటని ఆడవాళ్ళు చెవులు కొరుక్కునేవారు.

అంతకంటే ఎక్కువగా చెప్పుకునేది పూలమ్మ గురించి. ఊళ్ళో ఎవరో పూలమ్మ ఉంది. ఆమె ఎవరి చేతనో రాయించిన కార్డు ఏడాదికొకటి వచ్చేది. ఏటా జాతరకని అతనొక్కడే ఊరు వెళ్ళి వచ్చేవాడు. సమ్మవ్వను ఒక్కసారీ తీసుకెళ్ళలేదు. ఇంట్లో ఉన్నా డ్యూటీ పేరు చెప్పి బయటి అర్రలోనే మంచం వాల్చుకునేవాడు. ఇంతమంది తలా ఒక మాట అంటున్నా, ఒక్కనాడూ నోరు విప్పి ఇది ఇట్లా అని చెప్పుకోలేని బతుకు సమ్మవ్వది.

పక్క లైన్లో ఉండే మొగిలి అసలు పేరు వేరు. ఇంకొకడికొచ్చిన కాగితంతో పనిలో చేరాడని అందరికీ తెలుసు. బొగ్గుబాయిల్లో ఇలాంటివి మామూలే. దాని మీద ఎవరూ చెవులు కొరుక్కోరు. మనుషులకు పూలమ్మలే కావాలి.

తెల్లారి ఫస్టు షిఫ్టు సైరన్ మోగింది. అతను డ్యూటీకి కదల్లేదు. సంచిలో రెండు ధోవతులు పెట్టుకుంటున్నాడు.

"పని ఇడిసిపెడుతున్నట్టు కాయితం ఇచ్చిన. నీకు బడిల ఆయా పని ఖాయం జేసిన. క్వార్టర్ ఖాళీ చేసినంక ఐలవ్వక్క తమ్ముడు అర్ర ఇస్తనన్నడు."

"నేను అడిగిన్నా నిన్ను పని?" సమ్మవ్వ సంచిని గుంజుతూ అరిచింది. "రేపటిసంది నా నొసటి బొట్టుకు ఏం జవాబు చెప్పాలె?"

అతను సంచి మూతి ముడేశాడు.

"పోనీ, పూలమ్మనే ఈడికి తెచ్చుకో. నేను వంటింట్ల మూలకు పడుంట. కిక్కురుమంటే అడుగు."

"ఈడ ఆమెను ఎవరని చెప్పాలె?"

సమ్మవ్వ చూపు తిప్పుకుంది. రాజం పుస్తకాలు పెట్టుకునే గూడు ఖాళీగా కనిపించింది. నిన్నటి దాకా ఇద్దరు మగవాళ్ళకు వండిపెట్టిన ఇల్లు. ఇక ఈ నాలుగు గోడల మధ్య ఎవరి కోసం పొయ్యి రాజెయ్యాలి?

కేకలు విని పక్కింటి ఐలవ్వ వచ్చింది. సంచి చూసి మండిపడింది.

"సిగ్గున్నదా ఆగయ్యా నీకు? కొడుకును అటు సాగనంపినవ్, పెండ్లాన్ని ఇటు ఇడిసిపెడుతున్నవ్. ఆ పూలమ్మ ఏం మందు పెట్టిందో!"

పదహారేళ్ళు బొగ్గు టబ్బులు నింపిన చేతులతో అతను సంచి ముడిని మళ్ళీ బిగించాడు.

"ఏమనకక్కా, నీ కాల్మొక్కుత," అంది సమ్మవ్వ, ఐలవ్వను బయటికి నడిపిస్తూ. "ఆయన తప్పు లేదు."

"నీ మెతకతనమే నీ కొంప ముంచింది!" ఐలవ్వ విసవిసా వెళ్ళిపోయింది.

సమ్మవ్వ తలుపు దగ్గరగా వేసి అక్కడే కూలబడింది.

"పిల్లగాడు దసరాకొచ్చి బాపు ఏడని అడిగితే?"

"నిజం చెప్పు."

"తట్టుకుంటడా వాడు?"

"ఇగ పిల్లగాడు గాదు. తట్టుకుంటడు." అతను కళ్ళు తుడుచుకున్నాడు. "పూలమ్మ పదహారేండ్లు ఎదురుచూసింది. ఆమె ఉసురు పోసుకోవద్దు మనం."

ఆ 'మనం' అన్న మాట సమ్మవ్వకు సూటిగా తగిలింది. ఇక పట్టుకుని లాగడానికి ఆమెలో బలం లేదు. లేచి పక్కకు జరిగి దారి ఇచ్చింది. వెక్కిళ్ళు ఆగడం లేదు.

అతను సంచి కింద పెట్టాడు. రెండు చేతులూ జోడించాడు.

"పోయొస్త, వదినె."