కళ్ళజోడు దొరకని ముసలాయన

"కీ..." మంటూ అలారం మళ్ళీ మోగింది.

శ్రీవల్లికి ఒళ్ళు మండిపోయింది. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి!

"అంకుల్, అద్దానికి ముక్కు ఆనించొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

మంకీ క్యాప్ పెట్టుకున్న ముసలాయన పకపకా నవ్వాడు. "బొమ్మ అలాంటిదమ్మా!"

ఆక్లాండ్ సిటీ సెంటర్లోని ఆ చిన్న గ్యాలరీలో ముసలితనాన్ని ఆటపట్టిస్తూ జపాన్ వాళ్ళు చెక్క అచ్చులతో వేసిన పాత బొమ్మలు పెట్టారు. పళ్ళు లేని తాత ఒకాయన మిఠాయితో కుస్తీ పడుతుంటాడు. ఇంకో తాత నెత్తిన కళ్ళజోడు పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంటాడు. ఈ రెండోది మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి వరసగా కథ చెప్పే బొమ్మ. మూడు రోజులుగా ఈయన దాని ముందే తిష్ఠ వేశాడు.

ఏం మనిషి బాబూ! కొడుకు ఆఫీసుకెళ్ళగానే బస్సెక్కి ఇక్కడికొచ్చి పడతాడు కాబోలు.

అసలే ఆమె టెన్షన్ ఆమెది. బొమ్మలిచ్చిన దాత ఈ వారమే చడీచప్పుడు లేకుండా వచ్చి చూస్తాడట. నచ్చితే ఇంట్లో ఉన్న మిగతావీ ఇస్తాడు. అప్పుడే ఆమె ఉద్యోగం పర్మనెంట్. 'హరుకో జ్ఞాపకార్థం, భర్త కానుక' అని గోడ మీద అట్ట కూడా తనే అంటించింది. సూటేసుకున్న జపాన్ పెద్దమనిషి కోసం చూసి చూసి కళ్ళు కాయలు కాచాయి.

"అమ్మాయ్, జోడు ముందే దొరికాక ఇంకా వెతుకుతాడేమిటి? జపాన్ బొమ్మ కదా, దీన్ని కుడివైపు నుంచి చూడాలి. మార్చి పెట్టు."

"నాకు చెప్తారా అంకుల్? మ్యూజియం కోర్సు చేసొచ్చాను నేను!"

"ఇలా పెడితే మా ఆవిడ ఊరుకోదమ్మా."

"అయితే ఆవిడనీ తీసుకురండి. ఇద్దరూ దూరంగా నిలబడి చూద్దురుగాని."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఫ్రేమ్ మీద చెయ్యి వేశాడు.

అలారం గొల్లుమంది.

"చాలు! బయటికి నడవండి. మళ్ళీ రావద్దు!"

"సరేనమ్మా," అని ఆయన మెల్లగా వెళ్ళిపోయాడు. హమ్మయ్య, పీడ వదిలింది అనుకుంది శ్రీవల్లి.

శుక్రవారం డైరెక్టర్ హెలెన్ ఒక ఉత్తరం పట్టుకుని వచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

"దాత వచ్చి చూసి వెళ్ళాడట. మిగతావి ఇవ్వడట. ఆ మూడు కాగితాలూ మాత్రం కుడి నుంచి పెట్టమన్నాడు. ఇన్నాళ్ళూ లాయరే మాట్లాడాడు, మనిషిని నేనూ చూడలేదు. ఈ సంతకం జపాన్ భాషేనా?"

శ్రీవల్లి కాగితం అందుకుంది.

కింద వణికిన గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఉంది: 'శ్రీరామచంద్రమూర్తి, హరుకో భర్త.'