పక్క కుర్చీ

"ఆ కుర్చీ ఎవరికి?" అన్నారు హనుమత్ప్రసాద్ గారు.

"నాకే సార్," అంది షెర్లిన్. లచ్చమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది కూడా.

"నిన్ను నేను పిలవలేదే!"

"లచ్చమ్మ పిలిచింది సార్. విచారణలో ఆమె తరఫున మాట్లాడటానికి వచ్చాను. సంఘం ప్రతినిధిగా."

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, రెండో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. పనిచేసేవాళ్ళు పదిమందికి మించరు. కిందటి నెలలో వాళ్ళంతా కూడబలుక్కుని నగరంలోని ఆఫీసు ఉద్యోగుల సంఘంలో చేరారు. కంప్యూటర్ ఆపరేటర్ షెర్లిన్‌ను తమ ప్రతినిధిగా ఎన్నుకున్నారు. ఆ రోజు నుంచి ఆమె ముఖం చూస్తేనే హనుమత్ప్రసాద్ గారికి కంట్లో కారం పడినట్టు ఉంటోంది.

లచ్చమ్మ అక్కడ అటెండరు. ఆఫీసు పెట్టిన నాటి నుంచీ ఉంది. ఆమె చేసిన నేరం ఒక్కటే. ఆదివారం బంజారా హిల్స్‌లో సారు ఇంట్లో విందు ఉంది, అంట్లు తోమడానికి రమ్మంటే రానంది. అంతే, దానికి క్రమశిక్షణ ఉల్లంఘన అని పేరు పెట్టి నోటీసు చేతిలో పెట్టారు. ఆరోపణ చేసింది ఆయనే. విచారించేదీ ఆయనే. తీర్పు చెప్పేదీ, ఇంకెవరు, ఆయనే!

ఈ పూట ఉద్యోగం పోతే ఇంకోచోట పని వెతుక్కునే వయసు కాదు లచ్చమ్మది. ఒంటరిగా దొరికితే ఆమె చేత లేని తప్పు ఒప్పించడం ఆయనకు చిటికెలో పని. అందుకే షెర్లిన్ కుర్చీలోంచి కదల్లేదు.

"చూడమ్మా, ఇదేమన్నా ఫ్యాక్టరీనా? మనమంతా ఒక కుటుంబం. కుటుంబంలో సంఘాలేంటి?"

"కుటుంబంలో నోటీసులు ఎవరిస్తారు సార్?"

హనుమత్ప్రసాద్ గారు వెంటనే నవ్వు తెచ్చుకున్నారు. ముప్పై ఏళ్ళుగా ఇలాంటివి చూస్తున్న మనిషి. ప్రతినిధుల్ని ఎలా లొంగదీయాలో, ముందు ఏం చేయాలో, తర్వాత ఏం చేయాలో ఆయనకు కంఠతా వచ్చు.

"నిన్ను ఆఫీసు మేనేజర్‌ని చేద్దామనుకుంటున్నాను. రేపే ఆర్డర్ ఇచ్చేస్తాను."

"మేనేజర్‌నైతే సంఘంలోంచి పోవాలి కదా సార్. నాకొద్దు."

నవ్వు మాయమైంది.

"అయితే సోమవారం నుంచి వరంగల్ ఆఫీసుకి వెళ్ళు. అక్కడ మనిషి లేరు."

"నా బిడ్డ బడి ఇక్కడ సార్."

"తెలుసు. అందుకే పంపిస్తున్నాను."

ఎంత నిదానంగా అన్నారో ఆ మాట! షెర్లిన్‌కు ఒళ్ళు మండిపోయింది.

"పంపండి. ఈ విచారణ అయ్యాకే పోతాను."

ఇక మూడో ఎత్తు. ఆయన లచ్చమ్మ వైపు తిరిగారు. గొంతు మెత్తబడింది.

"లచ్చమ్మా, ఈ అమ్మాయికేం, రేపు ఇంకో ఉద్యోగం చూసుకుంటుంది. నట్టేట మునిగేది నువ్వే. ఆమెని బయటికి పొమ్మను. తప్పయిందని ఒక్క ముక్క చెప్పు. నేను అంతా మరిచిపోతాను."

లచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షెర్లిన్ ఆమె వైపు చూడలేదు. చూస్తే బలవంతం చేసినట్టు అవుతుందని భయపడింది.

"షెర్లిన్ బిడ్డ పక్కన కూసుంటేనే నాకు జర ధైర్యమొచ్చింది సారూ," అంది లచ్చమ్మ చివరికి. "ఆమెను పొమ్మంటే నేను సుత పోత."

అప్పుడే డ్రైవర్ ప్రేమ్ సాగర్ తలుపు తోసుకుని వచ్చాడు.

"సార్, కింద జనం మస్తు జమైండ్రు. అందరు గరం మీదున్నరు. మీరు కిందికి రావాల్నని ఒకటే లొల్లి."

"వస్తున్నానని చెప్పు. ముందు ఈ కుర్చీ తీసి బయట పారెయ్!"

ప్రేమ్ సాగర్ తల వంచుకుని నిలబడ్డాడు. అతనూ సంఘంలో సభ్యుడే.

హనుమత్ప్రసాద్ గారి ముఖం జేవురించింది. తనే వచ్చి కుర్చీ వెనక పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. షెర్లిన్ పడబోయి బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఇది చట్టం ఒప్పుకోదు సార్!"

"చట్టమా? నాకు చెబుతున్నావా చట్టం?" ఆయన పకపకా నవ్వారు. "విచారణ అయిపోయింది. రేపటి నుంచి లచ్చమ్మ రానక్కర్లేదు. నువ్వూ రానక్కర్లేదు. లేబర్ కోర్టుకి పోతారా, పోండి. అక్కడ ఎన్నేళ్ళు తిప్పుతారో నాకు తెలిసినంతగా మీకు తెలియదు."

అద్దంలో చూసుకుని జుట్టు సవరించుకున్నారు. కండువా భుజం మీద వేసుకుని చకచకా మెట్లు దిగిపోయారు.

లచ్చమ్మ నేల మీద చతికిలబడి ఏడ్చింది. షెర్లిన్‌కు ఏడుపు రాలేదు. కోపంగా కిటికీ ఊచలు పట్టుకుని కిందికి చూసింది.

సందు నిండా నర్సులు. విచారణలో తోటి నర్సు పక్కన కూర్చుందని వాళ్ళ ప్రతినిధిని పంజాగుట్టలోని ఒక ఆసుపత్రి ఉద్యోగంలోంచి గెంటేసింది. ఒక్కొక్కళ్ళ కళ్ళు నిప్పులు చెరుగుతున్నాయి.

వాళ్ళు తెచ్చిన దండ మెడలో వేయించుకుని, మైకు అందుకుని, "ఆ పక్క కుర్చీ మన హక్కు! దాని మీద చెయ్యేసిన యాజమాన్యాల గుండెల్లో నిద్రపోతాం, ఖబడ్దార్!" అంటూ పిడికిలి ఎత్తారు, కార్మిక సంఘాల సమాఖ్య అధ్యక్షులు హనుమత్ప్రసాద్ గారు.