ఉత్త ఫ్లాషు

"గుడ్డలన్నీ తీసేస్తానమ్మా, ఫోటో తియ్యి," అంది టమోటా మండీలో కూలికి పోయే పూలమ్మ, స్టూడియో తలుపుకు తనే గడియ పెట్టేసి.

ఖుర్షీదా బిత్తరపోయింది. పుంగనూరులో సాయిబుల పెళ్ళిళ్ళకు ఆడవాళ్ళ వైపు ఫోటోలు తీసేది ఆమె ఒక్కతే. ఇలాంటి బేరం ఇంతవరకూ రాలేదు. అది కూడా ఈరోజే రావాలా? తెల్లారితే తను వేలూరు బస్సెక్కి, క్యాన్సరు పట్టిన ఒక రొమ్ము తీయించుకోవాలి. లేకపోతే బతకవని డాక్టరు చెప్పేశాడు. అలా బతికేకన్నా పోవడమే మేలు, నేను రానని భర్త అయాజ్‌తో ఇంతసేపూ పోట్లాడి, ఇప్పుడే మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది.

"ఈ వయసులో ఇదేం పోయేకాలం అక్కా?"

"పోయేకాలమైతే ఎప్పుడో పోయుంటా. బెంగుళూరు మేడం ఒకామె అడిగింది. మామూలు ఆడోళ్ళ ఒళ్ళు ఎట్లుంటే అట్ల ఫోటోలు తీపిచ్చి గోడకు పెడతాదంట. మొగోడి ముందర నేను ఇప్పను. అందుకే నీకాడికి వచ్చినా."

కాదంటే కదిలేలా లేదు. నిజంగా తీస్తే, రీలు కడిగే మదనపల్లె కలర్ ల్యాబులో మగపిల్లలు చూస్తారు. ఊరంతా పాకితే స్టూడియోకు తాళం వేసుకోవాల్సిందే. పెళ్ళిళ్ళలో దూరపు చుట్టాలు వరసగా వచ్చి నిలబడితే, రీలు దండగని ఉత్త ఫ్లాషు కొట్టి పంపించడం ఆమెకు అలవాటే. ఇప్పుడూ ఖాళీ కెమెరానే చేతిలోకి తీసుకుంది. ఫోటోలేవని అడిగితే వెలుగు తగిలి రీలు కాలిపోయిందని చెప్పొచ్చు.

పూలమ్మ స్నానానికి వెళ్ళినంత మామూలుగా చీర విప్పి కుర్చీ మీద పడేసింది. చందమామ, కొలను బొమ్మ వేసిన తెర ముందు నిలబడింది.

ఖుర్షీదా కెమెరాకు కన్ను ఆనించింది. టమోటా గంపలు మోసి మోసి కాయలు కాసిన భుజాలు. పొట్ట మీద మడతలు, కాన్పుల చారలు. కుడి పక్క రొమ్ము లేదు. అక్కడ ఒక పొడుగాటి మచ్చ ఉందంతే.

ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఎప్పుడు తీసేసినారక్కా?"

"శానా ఏండ్లాయ. మొదట్లో కిందికి సూసుకునేదాన్ని కాదు. ఇప్పుడు గుర్తుకే రాదు."

"మీ ఆయన ఏమీ అనలేదా?"

"ఆయప్పదేముందమ్మా. ముందర గురక పెట్టేవాడు, ఇప్పుడూ పెడతాడు."

ఖుర్షీదాకు నవ్వొచ్చింది. ఫ్లాషు కొట్టింది. తెల్లటి వెలుగులో పూలమ్మ ఆ కొలనులోంచి అప్పుడే లేచి వచ్చినట్టు కనిపించింది. ఇంకోటి కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఆపబుద్ధి కాలేదు. బయట పాల క్యాన్ల చప్పుడు కలలోలాగా ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. తెర మీది చందమామ కదులుతున్నట్టుంది. ఇంత చక్కటి మనిషి ఏ రీలులోకీ ఎక్కడం లేదే అనిపించింది ఖుర్షీదాకు.

"యాడ పెడతాదక్కా ఆ మేడం ఈ ఫోటోలు?"

"వేలూరు ఆస్పత్రిలో. రొమ్ము తీపిచ్చుకునే కన్నా సచ్చేది మేలని కొందరు ఏడస్తా ఇండ్లకు పోతాండారంట. అట్లాంటోళ్ళు సూస్తారని."

ఖుర్షీదా కెమెరా దించింది.

"అక్కా, నేను మోసం చేసినా. దీంట్లో రీలు లేదు."

పూలమ్మ ఆమె వైపు ఒకసారి చూసింది. "లేకుంటే ఇప్పుడు ఎయ్యి. నేనింకా చీర కట్టుకోలేదు కదా."

ఖుర్షీదా బీరువా తీసి బ్లాక్ అండ్ వైట్ రీలు వెతికి పట్టుకుంది. అదైతే ల్యాబు గొడవ లేదు, ఇంట్లో తనే కడుక్కుంటుంది. ఈసారి నిజంగా తీసింది. ముందు నుంచి, పక్క నుంచి, నవ్వుతుండగా, ఆవలిస్తుండగా. రీలులో చివరి ఫోటో మిగిలింది.

పూలమ్మ చీర చుట్టుకోగానే ఖుర్షీదా కెమెరా ఆమె చేతిలో పెట్టి, ఎక్కడ నొక్కాలో చూపించింది. తర్వాత తెర ముందుకు వెళ్ళి, కమీజు బొత్తాలు ఒక్కొక్కటే విప్పసాగింది.

"నీకెందుకమ్మా ఇదంతా?" అంది పూలమ్మ, ఏమీ అర్థంకాక.

"రేపు వేలూరుకు పోతాండానక్కా. రెండూ ఉన్నప్పటిది ఒకటి తియ్యి, తీసేసినాక రెండో ఫోటో తీపిచ్చుకునేదానికి నీకాడికే వస్తా."