సొరకాయ బుర్ర

ఆ రాత్రి మా ఏజెన్సీ ఆసుపత్రి ఐసీయూలో నర్సుని నేనొక్కదాన్నే. మూడో బెడ్ మీద సునీత, పన్నెండేళ్ల కొండ పిల్ల. తెల్లారితే పేగు ఆపరేషను. చుక్క నీళ్లు కూడా పట్టొద్దని డాక్టరుగారి ఆర్డరు.

వారం కిందట అదే బెడ్ మీద సొంబరి అవ్వకీ అదే ఆర్డరు. "నీళ్లియ్యమ్మా" అని రాత్రంతా నా చెయ్యి వదల్లేదు. తడిదూదితో పెదాలు అద్దితే ఆ దూదినే చప్పరించింది. తెల్లారేసరికి పోయింది. ఆర్డరు బాగా పాటించావని మెచ్చుకున్నారు. ఒక్క గుక్క పట్టి ఉంటే ఏం కొంప మునిగేది? అవ్వ నీళ్లు తాగే సొరకాయ బుర్రని ఆమె మనుషులు మర్చిపోయారు. పారేయడానికి చేతులు రాక బీరువా మీద పెట్టాను.

రెండు దాటాక, మానిటర్ చప్పుడు మధ్యలో ఎవరో గుటకలు వేస్తున్న చప్పుడు. లేచి వెళ్లాను. సునీత గడ్డం మీంచి నీళ్లు కారుతున్నాయి. దిండు తడిసింది. బుర్ర బీరువా మీదే ఉంది. ముట్టుకుంటే చల్లగా, తడిగా తగిలింది.

కడుపులో నీళ్లుండగా మత్తిస్తే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరుగారికి చెప్పి తీరాలి. ఫోను తీశాను. ఎవరు పట్టారని అడుగుతారు.

"ఎవరిచ్చారే నీళ్లు?"

సునీత కళ్లు తెరవకుండానే చెప్పింది.

"అవ్వ. సిస్టరమ్మ నాకే ఇవ్వనేదు, నీకేటి ఇస్తాది, బేగి తాగియ్ గుంటా అంది."