శబ్దం తగ్గిందని ఫిర్యాదు

విమానం వచ్చింది. వచ్చినట్టే పోయింది. గౌరి మాత్రం పాలు చేపలేదు.

"ఈయేళా అంతేనేటి?" వంటింట్లోంచి సుధారాణి అడిగింది.

"అంతే. సుక్క రాల్లేదు," అంటూ త్రినాథరావు ఒట్టి చెంబుతో పొదుగు కిందనుంచి లేచాడు.

గౌరి ఆ ఇంటి ఆవు. దానికో వింత అలవాటుంది. తీరం వెంబడి కిందుగా పోయే పాత జెట్ విమానం తలమీదికొచ్చి, కొబ్బరిమట్టలు అదిరేలా మోత మోగిస్తేనే పాలు వదిలేది. తవుడు పెట్టినా, గంగడోలు నిమిరినా లాభం లేదు. ఆ మోత ఉన్నంతసేపే ధార. మోత దూరమైతే కుళాయి కట్టేసినట్టు ఆగిపోయేది. సాయంత్రం పాలు దూడకే వదిలేసేవారు కాబట్టి ఆ పూట గొడవ లేదు.

అలాగని త్రినాథరావు విమానాన్నే నమ్ముకుని కూర్చోలేదు. పొదుగు దగ్గర కూర్చున్నది మొదలు లేచేదాకా, మల్లన్న మీద తానే కట్టిన పాట గొంతెత్తి పాడేవాడు. ఊరి భజనలో ఆయనకి ఎప్పుడూ తాళాలే ఇచ్చేవారు. అందుకని పాటంతా గౌరికే.

ఇలా ఉండగా విమానాల కంపెనీవాళ్ళు పాత చిన్న జెట్లన్నిటినీ మూలపెట్టి కొత్తవి కొన్నారు. కొత్తదీ అదే దారిన, అదే వేళకి పోతోంది. కాకపోతే పిల్లిలా పోతోంది.

మామూలు రోజులైతే పాలు కొనుక్కునేవారు. ఇది కార్తీకం. సుధారాణికి కిడ్నీ పరీక్షలో ఏ దోషమూ లేదని తేలిన ఏడాది త్రినాథరావు మొక్కుకున్నాడు. కార్తీక సోమవారాల్లో, తన చేత్తో పితికిన ఇంటి ఆవుపాలతోనే రావివలస ఎండల మల్లన్నకి అభిషేకం చేయిస్తానని. ఈ ఏడాది ఇప్పటిదాకా వచ్చిన సోమవారాలన్నీ ఒట్టి చెంబుతోనే గడిచాయి. ఆఖరిది మిగిలింది. అదీ తప్పితే ఆమెకేమైనా అవుతుందేమోనని ఆయనకి అన్నం సహించడం లేదు.

"నెత్తిన కప్పు లేకుండా ఎండలో ఉండే సామి. ఆ పాత ఇమానం ఆయనకీ అగుపడే ఉంటాది. ఆపితే ఆపేడు, ఆవు బుద్దైనా మార్సొచ్చు గదా?" అన్నాడు పైడయ్యతో.

పైడయ్య సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. "బావా, సామినెందుకు కదుపుతావు? నా పడవింజను తెత్తానుండు. దాని మోతకి సచ్చినోడు లేసి కూకుంటాడు," అన్నాడు.

తెచ్చాడు. పాకలో పెట్టి తిప్పాడు. పొగ కమ్మేసింది. గౌరి గుంజ పెరుక్కుని జీడితోటలో పడింది. పొద్దుగూకేదాకా వెతికారు.

మర్నాడు పైడయ్య ఫోన్లో విమానం మోత పెట్టాడు. అది దోమ పాడినట్టుంది. ఆ లోటు తీరేలా త్రినాథరావు తన పాట జోరు పెంచాడు. గౌరి తోకతో ఆయన మొహమ్మీద ఒక్కటిచ్చింది.

ఇక లాభం లేదని త్రినాథరావు బస్సెక్కి విశాఖపట్నం విమానాశ్రయానికే వెళ్ళాడు.

"కొత్త విమానాల్లో సీట్లు వెడల్పండీ. శబ్దం కూడా సగానికి సగం తగ్గిపోయింది," కౌంటరులో ప్రవల్లిక అనే అమ్మాయి నవ్వుతూ చెప్పింది.

"అదే గదమ్మా నా గొడవ! పాతదొకటి తియ్యండి. ఒక్క సోమారం మా ఊరి మీద తిప్పండి, సాలు."

"పాత విమానంలో మీరు చాలాసార్లు ప్రయాణం చేశారాండీ?"

"నానెప్పుడెక్కాను తల్లీ? మా ఆవు ఇనీది."

ఆ అమ్మాయి కంప్యూటర్ మీద ఆడుతున్న వేళ్ళు ఆపేసింది. మోత ఎక్కువైందని తిట్టినవాళ్ళని చూసింది గాని, తక్కువైందని ఏడ్చినవాణ్ణి చూడడం ఇదే మొదలు.

"పాతవన్నీ విడదీసి తుక్కు కింద ఇచ్చేస్తున్నారండీ," అంది జాలిగా. "మీ ఆవుగారికి మా తరఫున క్షమించమని చెప్పండి." ఒక చాక్లెట్ కూడా చేతిలో పెట్టింది.

ఆ చాక్లెట్ గౌరికే పెట్టాడు. తింది. చేపలేదు.

ఇంక భక్తి ఒక్కటే దారి అనుకున్నాడు త్రినాథరావు. లోపం తన పాటలోనే ఉందేమో, సామికి వినబడటం లేదేమో అనిపించింది. శనివారం, ఆదివారం పాకలో కూర్చుని ఎలుగెత్తి పాడాడు. పక్కింటి కుక్క ఊరవతలికి పోయింది. ఆదివారం సాయంత్రానికి గొంతు పూర్తిగా పోయింది. పైడయ్య పలాస నుంచి గొంతుమందు సీసా తెచ్చి సుధారాణికిచ్చాడు.

సోమవారం పొద్దున్న ఆయన నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. మోతా లేదు, పాటా లేదు. కళ్ళు తుడుచుకుని, మొక్కు కోసం పొదుగు కింద చెంబు పెట్టాడు. విమానం వేళ ఇంకా కాలేదు. ఊరంతా నిశ్శబ్దంగా ఉంది.

జుయ్యిమని ధార పడింది. ఆ వెనకే మరొకటి. చెంబు నిండి పొర్లింది. సుధారాణి పరుగున గిన్నె తెచ్చింది. అదీ నిండింది. గౌరి హాయిగా కళ్ళు మూసుకుని నెమరు వేస్తోంది.

త్రినాథరావు ఆకాశానికి చేతులు జోడించాడు. కన్నీళ్ళు కారిపోతున్నాయి. సామి చలవే ఇదంతా. రేపట్నుంచి రెండు పూటలా ఆయన పాట పాడాలి, ముందు ఆ మందు తెమ్మని భార్యకి సైగ చేశాడు.

"ఇదిగో, తెత్తన్నాను," అంటూ గబగబా పెరట్లోకి వెళ్ళిన సుధారాణి, గౌరి వైపు ఒకసారి చూసి, గొంతుమందు సీసా మూత తీసి ఆఖరి చుక్కదాకా అరటిమొక్క మొదట్లో ఒంపేసింది.