లిస్టులో లేని పొడి

“ఇంకోసారి చెప్తున్నానమ్మా, మీరు నాతో మాట్లాడకూడదు,” అన్నాడు డెల్బర్ట్, కోర్టు వరండాలో బెంచీ అంచుకు జరుగుతూ.

వర్నా వినిపించుకోలేదు. ఆమె కొడుకు ట్రావిస్ దగ్గర దొరికిన పొడిని వెస్ట్ వర్జీనియా ప్రభుత్వ ల్యాబులో పరీక్షించింది ఈ డెల్బర్టే. రిపోర్టు కవరు అతని ఒళ్లోనే ఉంది. పావుగంటలో జడ్జి పిలుస్తాడు.

“మాంసం ముక్కలు పెట్టి కాల్చిన పెపరోనీ రొట్టెలు తెచ్చాను. తిను బాబూ.”

“అది లంచం కిందకొస్తుంది.”

“రొట్టెముక్క కూడా లంచమేనా? అయితే మా చర్చిలో రొట్టె పంచేవాళ్లందరూ జైల్లో ఉండాలి.”

అతనికి నవ్వు రాలేదు. తలుపు దగ్గర కోర్టు జవాను ఇటే చూస్తున్నాడు. ల్యాబు ఉద్యోగమంటే గాజుగొట్టాలతో సరిపోతుందనుకుని చేరాడు గానీ, ఇలా తల్లుల మొహాలు చూడాల్సొస్తుందని ఎవరూ చెప్పలేదు.

“మావాడు చెడ్డవాడు కాదు. మత్తు ఎక్కువై మూడుసార్లు ఊపిరాగిపోతే ముక్కులో విరుగుడు మందు కొట్టి నేనే లేపాను. నిన్న జైల్లో చూసొచ్చాను. రెండు నెలల్లో కాస్త ఒళ్లు చేశాడు.”

“అమ్మా, దయచేసి...”

“ఒక్కటి చెప్పు. ఆ పొడి ఫెంటనిల్ మత్తుమందేనా?”

“కాదు, దాని జేజమ్మ. ఉప్పుగింజంత చాలు, మనిషి లేవడు.”

ఆమె అతని ఒళ్లో కవరు వైపు చూసింది. “అయితే నిషేధం లిస్టులో ఉండే ఉంటుంది.”

రూలు రూలే గానీ, ఎదురుగా ఉన్నది తల్లి. డెల్బర్ట్ గొంతు తగ్గించాడు.

“లేదమ్మా. ఒకదాన్ని నిషేధించేలోపు ఆ దొంగవెధవలు కాస్త మార్చి ఇంకోటి వండుతున్నారు. చట్టానిది నత్తనడక.”

“లిస్టులోకి ఎప్పుడెక్కిస్తారు?”

“వచ్చే మంగళవారం.”

“అప్పుడు మావాడి మీద మళ్లీ కేసు పెట్టొచ్చుగా?”

“భయపడకండి. పట్టుబడ్డనాటికి లిస్టులో లేనిది ఎప్పటికీ నేరం కాదు. ఈ కవరు విప్పగానే కేసు కొట్టేస్తారు.”

“మరి వాడు?”

“సాయంత్రానికి మీ ఇంట్లో ఉంటాడు.”

రొట్టెల పొట్లం ఆమె చేతిలోంచి జారిపోయింది. సంతోషం పట్టలేక జారవిడిచిందనుకుని, అతనే వంగి తీసిచ్చాడు. అతని గుండె కూడా తేలికపడింది.

లోపల్నించి అతని పేరు పిలిచారు. లేచాడు. వర్నా అతని చొక్కా చెయ్యి పట్టుకుంది, ఎంతకీ వదల్లేదు.

“ఇంకేం కావాలమ్మా? మీవాడు బయటపడ్డట్టేగా.”

“వాడు బతకాలని పోలీసులకు పట్టించింది నేనే బాబూ.”