మందిరం వసారాలో కడవ

"ఆ కడవ ముట్టొద్దు!"

ఎస్తేరమ్మ కేకకు వసారాలో ఉన్న ముసలాయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఏ ఊరివాడో, ఎవరి బిడ్డో తెలియదు. కరువుకు ఊళ్ళు పట్టి తిరుగుతూ పావగడ తాలూకా అరసికెరె పక్కనున్న ఆ పల్లెకు చేరాడు. చంకలో ఖాళీ నూనె డబ్బా తప్ప ఇంకేమీ లేదు. మొహం నిండా, చేతుల నిండా తెల్లటి తొన్ను.

"దప్పికయితాందమ్మా."

"దోసిలి పట్టు, పోస్తా. ప్రార్థనకొచ్చినోళ్ళు తాగే కడవ అది."

ఎత్తి పోసింది. అతను తాగి కడవలోకి తొంగి చూశాడు.

"నీళ్ళు అడుక్కొచ్చినాయే!"

"ఊరి బావి ఎండి ఏడాదాయ. యాడ తెచ్చేది?" అని విసుక్కుంటూ లోపలికి పోయింది.

ఎస్తేరమ్మ చెడ్డ మనిషేమీ కాదు. మొగుడు పోయినప్పటినుంచీ మందిరమే ఆమె ఇల్లు. తెల్లారకముందే ఊడ్చి, మోకాళ్ళూని, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు దేవునితో మాట్లాడేది. పాస్టరయ్య పావగడ నుంచి ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. మిగతా దినాలన్నీ ఆమే, దేవుడే. కానీ శెనక్కాయ పంట ఏటేటా మాడిపోతుంటే, ఎంత పిలిచినా పైనుంచి ఉలుకూ పలుకూ లేకపోతే, ఎంతటి భక్తురాలికైనా గుండె జారదూ?

ఆ పొద్దున గట్టిగానే అడిగేసింది.

"ప్రభువా, నేను మాట్లాడతానే ఉండాను. నువ్వు వింటాండావా, లేదా? గోడతో మాట్లాడినట్టుండాది. ఒక్క గురుతు చూపించు సామీ!"

ఏడ్చి ఏడ్చి బయటికొచ్చింది. ముసలాయన వసారాలోనే కూర్చుని ఉన్నాడు. దేవుని వసారా కదా, పొమ్మనలేక ఊరుకుంది.

మర్నాడు ఆమె వచ్చేసరికి కడవ నిండుగా ఉంది. అంచు దాకా!

"విన్నాడు! నా తండ్రి విన్నాడు!" అంటూ వీధిలోకి పరిగెత్తింది.

ఆ మర్నాడూ నిండింది. ఆ తర్వాతా నిండింది. మందిరం ముఖం చూడనివాళ్ళు కూడా వచ్చి, గుక్కెడు తాగి కళ్ళకద్దుకున్నారు. ఎన్నాళ్ళకో ఎస్తేరమ్మ మొహాన నవ్వు కనిపించింది.

ముసలాయన మాత్రం ఎండెక్కేదాకా వసారాలో సోలిపోయి ఉండేవాడు.

"దేవుడు ఇంత అద్భుతం చేస్తాంటే కండ్లు తెరిచి చూడనన్నా చూడవు కదయ్యా!" అని దెప్పేది.

"చూస్తానే ఉండానమ్మా," అని ఆమె మొహం వంక చూసి నవ్వేవాడు.

కొన్నాళ్ళకు అతన్ని జ్వరం పట్టుకుంది. సరిగ్గా ఆ పొద్దునే కడవ నిండలేదు.

"అమ్మా, రేపు లేస్తాను. రేపు తప్పకుండా లేస్తాను," అని గొణిగాడు.

"లేస్తే లెయ్, లేకుంటే పండుకో. నా బాధ నాదిగా ఉండాది!"

గంజి పక్కన పెట్టిందే గానీ ఆమె చూపంతా కడవ మీదే.

అతను లేవలేదు. దిక్కులేని మనిషని మందిరంవాళ్ళే తమ సమాధుల పక్కన పూడ్చారు. కడవ అలాగే ఎండిపోయింది. ఆమె ఉపవాసం ఉంది, ఏడ్చింది, బతిమాలింది. చుక్క రాలేదు.

ఒకనాటి సాయంత్రం ఊరి పెద్ద హనుమంతరాయప్ప పారలు పట్టిన మనుషులతో వచ్చాడు.

"ఎస్తేరమ్మా, తొన్ను మనిషిని పూడ్చితే వాన రాదు. తవ్వి కాల్చాల. జాగా మీది, నువ్వు ఊ అనాల."

మునుపటి ఎస్తేరమ్మ అయితే ఆ గోతి మీద అడ్డంగా పడుకుని ఉండేది. వానలిచ్చేది దేవుడయ్యా అని నిలదీసేది. కానీ ఇప్పుడు ఆమె మనసులో పురుగు తొలుస్తోంది. వాడు పడకేసిన దినమే కడవ ఆగింది. వాడు మన మట్టిలోకి పోయినాక దేవుడు మొహం తిప్పుకున్నాడు.

"తవ్వుకోండప్పా," అంది.

తవ్వి తీస్తుంటే గుడ్డలోంచి ఒక చెయ్యి జారి వేలాడింది. చూడకూడదనుకుంటూనే చూసింది. ఆ రోజు కడవ ముట్టబోయి వెనక్కి తీసుకున్న చెయ్యి.

పొలిమేరలో కాల్చారు. ఆ పొగ వాసన ఆమె చీరను వదల్లేదు. మోకాళ్ళూని కళ్ళు మూస్తే దేవుడు కాదు, ఆ చెయ్యే కనిపించేది.

వాన రాలేదు.

చివరికి ఒక తెల్లవారుజామున ఆ కడవే చంకనెత్తుకుని నీళ్ళకు బయల్దేరింది. గుట్ట అవతల కొల్లప్ప బోరు ఒక్కటే ఇంకా పోస్తోందట. దారంతా రాళ్ళు, ముళ్ళు. చేరేసరికి అరికాళ్ళు పగిలి నెత్తురొచ్చింది.

"బిరబిర పట్టుకోమ్మా, కరెంటు పోతాది. యా ఊరు?" అన్నాడు కొల్లప్ప.

చెప్పింది.

"మందిరముండే ఊరా? ఆడినుంచి ఒక తొన్ను తాత వస్తాండె, యాడ పోయినాడమ్మా? చీకటితోనే నూనె డబ్బా నెత్తిన పెట్టుకోని వస్తాండె. మళ్ళా కనబడనే లేదు."

ఎస్తేరమ్మ చంకలోని కడవ దించి బోరు గట్టు మీద కూలబడింది.

"ఇంత దూరం యాల నడుస్తావు తాతా, ఈడనే ఉండిపో, ముద్ద పెడతాను అంటే ఇనలేదమ్మా."

"ఏ... ఏమన్నాడప్పా?"

కొల్లప్ప ఆమె కడవను ధార కింద పెడుతూ అన్నాడు: "'ఆడ ఒకమ్మ దినామూ దేవుణ్ణి పిలిచి ఏడుస్తాది నాయనా, ఎవరో ఒకరు పలకల్ల కదా; కడవ ముట్టొద్దనింది, అందుకే ముట్టకుండా పైనుంచే పోసి వస్తాండాను' అన్నాడమ్మా."